లెక్కల మాష్టారు లేని పదో తరగతి

యానాంలో హైస్కూలు చదవడం వల్ల నాకు కలిగిన మొదటి లాభం ఏమిటంటే, నా మార్కులు ఇంట్లో నేను చెప్పుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆ శ్రమంతా ఊరే తీసుకుంది.

మా నాన్నగారిది తాళ్ళరేవు దగ్గర ఒక పల్లె. ఎటు చూసినా వరి చేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్న రోజుల్లో ఆయన యానాం వచ్చి, మెయిన్ రోడ్డు మీద రొయ్యల మేత, మందులు అమ్మే కొట్టు పెట్టారు. బడి నుంచి మా ఇంటికి వెళ్ళే దారిలోనే కొట్టు. అంటే బడి నుంచి వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి వెళ్ళే మాష్టార్లందరి దారిలోనూ కొట్టే. మా తెలుగు మాష్టారికి చెరువు లేదు, రొయ్యలు లేవు, ఆయన అసలు నీచు ముట్టరు. అయినా రోజూ సాయంత్రం వచ్చి మేత బస్తా మీద కూర్చుని పేపరు చదివేవారు. పేపరు అయిపోయాక నా సంగతి మొదలుపెట్టేవారు.

"మీ అమ్మాయికి ఇవాళ సైన్సులో ఇరవైఐదుకి తొమ్మిదండీ. తెలుగు గురించి మీరు బెంగ పెట్టుకోకండి, నేను చూసుకుంటున్నాను."

నాన్నగారు అప్పటికి కొత్తగా సెల్ ఫోను కొన్నారు. రొయ్యల ధర ఎప్పటికప్పుడు తెలుసుకోవడానికని కొన్నారు గానీ, దాంట్లోంచి ఇంటికి వెళ్ళిన కబుర్లలో సగం నావే. నేను దారిలో జామకాయలు కొనుక్కుని, స్నేహితురాలితో కబుర్లు చెప్పుకుంటూ ఇంటికి చేరేసరికి మా అమ్మ గుమ్మంలో నిలబడి ఉండేది. "తొమ్మిదా?" అనేది. నేను చెప్పులు విప్పేలోపే నా చదువు గురించిన చర్చ సగం అయిపోయేది.

ఆ స్నేహితురాలి గురించి చెప్పాలి. తనది దరియాలతిప్ప. వాళ్ళ నాన్న పడవ మీద వేటకి వెళ్ళేవాడు. అమ్మ యానాం మార్కెట్లో చేపలు అమ్మేది. పొద్దున్నే చేపల బుట్టలతో వచ్చే ఆటోలోనే తనూ ఎక్కి మార్కెట్ దగ్గర దిగి, అక్కణ్ణించి బడికి నడిచి వచ్చేది. ఆరో తరగతిలో ఎత్తుల వారీగా కూర్చోబెట్టినప్పుడు నా పక్కన పడింది, పదో తరగతి దాకా కదల్లేదు. తనకి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పేది. ముఖంలో నవ్వూ ఉండదు, కోపమూ ఉండదు. చిన్న ఊళ్ళో ఇంతకన్నా ప్రమాదకరమైన అలవాటు ఇంకోటి లేదు.

మేం పదో తరగతికి వచ్చిన ఏడు, ఎండాకాలం సెలవుల్లోనే మా లెక్కల మాష్టారు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళింది మా రాష్ట్రంలోనే ఇంకో ఊరికి. కాకపోతే చుట్టుపక్కల ఊళ్ళ రాష్ట్రం వేరు, యానాం రాష్ట్రం వేరు; మాది ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య రెండు రోజుల ప్రయాణం, వేరే భాష. మాకు మాష్టారు కావాలంటే కాగితం అంత దూరం వెళ్ళి, అక్కడ ఎవరో దాన్ని చదివి, మళ్ళీ అంత దూరం రావాలి. మా హెడ్మాష్టారు ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక మైకులో చెప్పేవారు: "పదో తరగతి విద్యార్థులు నిరుత్సాహపడనవసరం లేదు. లెక్కల ఉపాధ్యాయులు త్వరలో వస్తున్నారు." ఆయన గొంతులో ఎంత నమ్మకం ఉండేదంటే, మొదటి సోమవారం మాలో కొంతమంది గేటు వైపు చూశారు కూడా.

మాష్టారు వచ్చేలోపు పిల్లలు ఖాళీగా ఉండకూడదని లెక్కలు ఆటల మాష్టారికి అప్పగించారు.

ఆటల మాష్టారు చాలా మంచివారు. పొద్దున్న బడిలో ఇచ్చే పాలు, బిస్కెట్ల దగ్గర వరస తప్పకుండా చూడటం, వాలీబాల్ కోర్టుకి ముగ్గు గీయించడం, ఆగస్టు పదిహేనుకి కవాతు చేయించడం ఆయన పనులు. లెక్కలకీ ఆయనకీ ఉన్న సంబంధం ఒక్కటే, స్కోరు రాయడం. మొదటి రోజు మెడలో విజిల్‌తోనే క్లాసుకి వచ్చారు. పుస్తకం తెరిచి మొదటి పాఠం పేరు చూశారు. "ప్రవచనాలు, సమితులు" అని ఉంది. ఆయన ముఖం తేటపడింది.

"ప్రవచనాలా. మొన్న శనివారం కూడా గుళ్ళో విన్నాను. మంచిదే, చిన్నప్పట్నించీ తెలిసుండాలి," అన్నారు.

నా పక్కనున్న దరియాలతిప్ప అమ్మాయి లేచి నిలబడింది. "సార్, మాకు చర్చిలో ప్రసంగాలండి. మేం కూడా ఈ పాఠం చదవాలాండి?"

ఆయన కాసేపు ఆలోచించారు. "పరీక్షలో మతం చూడరమ్మా. అందరూ చదవాల్సిందే."

తర్వాత పేజీ తిప్పారు. అక్కడ చుక్కలు, బాణాలు, పడుకున్న యు అక్షరాలు, తిరగేసిన వి అక్షరాలు కనిపించాయి. గుళ్ళో విన్న ప్రవచనంలో ఇవేవీ లేనట్టున్నాయి. ఆయన పుస్తకం మూసి, మమ్మల్ని ఎక్కాలు చదవమన్నారు. పదో తరగతిలో, గొంతులు మారుతున్న మగపిల్లలూ, ఓణీలు సర్దుకుంటున్న ఆడపిల్లలూ కలిసి రెండో ఎక్కం నుంచి గట్టిగా చదివాం. ఆయన బల్ల మీద తాళం వేశారు. పక్క గదిలో ఆరో తరగతి వాళ్ళు కిటికీలోంచి చూసి మా మీద జాలిపడ్డారు.

ఇలా ఆగస్టు వరకూ సాగింది. ఎక్కాలు మాకు బ్రహ్మాండంగా వచ్చేశాయి.

నేను నాన్నగారిని అడిగాను. "మీరైనా వెళ్ళి హెడ్మాష్టారిని గట్టిగా అడగొచ్చు కదా."

"అడుగుదాం," అన్నారు నాన్నగారు. ఆ మాటకి మా ఇంట్లో అర్థం, అడగరు అని.

ఎందుకు అడగరో తెలుసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. మెట్టకూరు వైపు హెడ్మాష్టారికి రెండు రొయ్యల చెరువులు లీజుకి ఉన్నాయి. మేత మా కొట్లోనే కొంటారు. మంచి ఖాతాదారుణ్ణి పట్టుకుని మీ బడిలో చదువు బాలేదని ఏ వ్యాపారస్తుడు అంటాడు? సరే, మిగతా తల్లిదండ్రులు ఉన్నారు కదా అనుకున్నాను. ఒకాయన హెడ్మాష్టారి ఇంట్లో అద్దెకి ఉంటున్నాడు. ఒకాయన బడి ప్రహరీగోడ కాంట్రాక్టరు. ఒకావిడ మధ్యాహ్నం బళ్ళో అన్నం వండుతుంది. ఇంకొకాయన హెడ్మాష్టారికి తోడల్లుడు, ఆయనకి ఇంట్లోనే మాట్లాడే అవకాశం లేదు. అందరూ అందరికీ కావలసినవాళ్ళే. అలా కావలసినవాళ్ళయిపోయి, పదో తరగతి తల్లిదండ్రుల్లో హెడ్మాష్టారిని ఒక్క మాట అనగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

మా అమ్మ దగ్గర మాత్రం పరిష్కారం ఉంది. నన్ను విజయవాడలో రెసిడెన్షియల్‌లో పడేయడం. మా పెదనాన్నగారి అబ్బాయి అక్కడే చదువుతున్నాడు. వాడు ఎండాకాలం రెండు రోజులు వదిలితే మా ఇంటికి వచ్చాడు. అక్కడ లెక్కలకే ముగ్గురు సార్లట. ఆదివారం కూడా పరీక్షేనట. "ఆడుకోవడానికి గ్రౌండు ఉందా?" అని అడిగితే, వాడు "అంటే?" అన్నాడు. వాడు మా డాబా మీద నిలబడి ఆకాశం వైపు చాలా సేపు చూడటం నాకు గుర్తుంది. అప్పుడు నాకు మా ఆటల మాష్టారి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల బెల్లు అయ్యాక నా స్నేహితురాలు అంది: "మనమే పెద్దాఫీసుకి ఎల్లి చెబుదామే. ఆఫీసరుగారు చెబితే మేష్టారు వస్తాడు."

పెద్దాఫీసు అంటే మా ఊరి పాలనంతా చూసే ఆఫీసరుగారి ఆఫీసు, గోదారి ఒడ్డు వైపు ఉంది. మా బడి నుంచి నడిస్తే పెద్ద దూరం కాదు. ఇంకే పెద్ద ఊళ్ళో అయినా ఇద్దరు ఆడపిల్లలు బడి వేళలో రోడ్డు మీద నడిస్తే వాళ్ళని పట్టించుకునేవాడు ఉండడు. మేం గేటు దాటగానే సోడా బండి ఆయన, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు. నేను ఏదో ఒక అబద్ధం ఆలోచించుకునేలోపే నా స్నేహితురాలు జవాబు చెప్పేసింది.

"లెక్కల మేష్టారు లేడని చెప్పడానికి పెద్దాఫీసుకి ఎల్తన్నామండి."

పుస్తకాల కొట్టు ఆయన అడిగాడు. ఆయనకీ అదే చెప్పింది. ఆటో స్టాండులో ముగ్గురు డ్రైవర్లు ఒకేసారి అడిగారు. వాళ్ళకి కొంచెం వివరంగా, ఎక్కాల సంగతితో కలిపి చెప్పింది. వాళ్ళ చర్చిలో పాటలు పాడించే ఆంటీ రిక్షా ఆపించి మరీ అడిగింది. ఆవిడకి చెప్పాక, ఆవిడ మా ఇద్దరి తలల మీదా చెయ్యిపెట్టి చిన్న ప్రార్థన చేసింది. మేం కళ్ళు మూసుకుని నడిరోడ్డు మీద నిలబడ్డాం. రిక్షా అతను కూడా తువ్వాలు తీసి నిలబడ్డాడు.

ఆ ప్రార్థన లేకపోతే నాన్నగారి కన్నా ముందు ఆఫీసుకి చేరేవాళ్ళమేమో. మేం వెళ్ళేసరికి గేటు దగ్గర నాన్నగారి టీవీఎస్ బండి ఆగి ఉంది. వెనక సీటు మీద తెలుగు మాష్టారు. ఆయనకి ఆ పీరియడ్ ఖాళీ అట.

ఆఫీసు వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి, "ఆఫీసరుగారు మీటింగుకి ఊరెళ్ళారండి. సోమవారం దాకా రారు. మంచినీళ్ళు తాగుతారా?" అన్నాడు. అతనికి కూడా మేం ఎందుకు వస్తున్నామో ముందే తెలిసిపోయింది.

నాన్నగారు "బండెక్కు," అన్నారంతే. బండి మీద ఇద్దరికే చోటు కాబట్టి తెలుగు మాష్టారు దిగవలసి వచ్చింది. ఆయన, నా స్నేహితురాలు ఎండలో బడికి నడిచి వెళ్ళారు. దారి పొడుగునా ఆయన క్రమశిక్షణ గురించి చెప్పారట. దారి పొడుగునా తను లెక్కల మాష్టారు ఎప్పుడొస్తారని అడిగిందట. బడి దగ్గరకి వచ్చేసరికి ఆయన మంచినీళ్ళ కుండ దగ్గరకి వెళ్ళి, చాలా సేపు అక్కడే ఉండిపోయారట.

మర్నాడు హెడ్మాష్టారు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. ఆయన కోప్పడలేదు, బాధపడ్డారు. అది ఇంకా కష్టం.

"మీకు ఇబ్బంది ఉంటే ముందు నాకు చెప్పాలి కదమ్మా. బయటికి వెళ్తే బడి పరువేం కావాలి?"

"మీకు చెప్పాం కదండీ," అంది నా స్నేహితురాలు.

"చెప్తే నేనేం అన్నాను? వస్తారన్నాను కదా."

"ఎప్పుడండీ?"

"అదే. వస్తారు."

"సరేనండి. ఎప్పుడండీ?"

ఆయన టేబుల్ మీద ఉన్న గ్లోబు తిప్పారు. అది తిరగడం ఆగేదాకా ముగ్గురం దాన్నే చూశాం. శిక్షగా వారం పాటు ఒక పీరియడ్ బయట నిలబడమన్నారు. ఏ పీరియడో ఆయన చెప్పలేదు. మేం బాగా ఆలోచించి లెక్కల పీరియడ్ ఎంచుకున్నాం. ఆటల మాష్టారు మాకు తోడుగా బయటికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఎక్కాలు చదివించారు.

ఈ సంగతంతా తెలియాల్సినవాళ్ళకీ, తెలియనక్కర్లేనివాళ్ళకీ తెలిసింది. చివరికి మార్కెట్లో నా స్నేహితురాలి అమ్మకీ తెలిసింది. తన కూతురు ఆమెకి ఏం చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట. చేపలు కొనడానికి వచ్చిన సోడా బండి ఆయన భార్య చెప్పింది.

అప్పటికి గోదాట్లో వరదకి ఎర్రనీరు వచ్చేసింది. ఎర్రనీరు వచ్చిందంటే ఏడాదికోసారి దొరికే పులసలు వస్తాయి, పులసలు వచ్చాయంటే యానాంలో మనుషుల తీరు మారిపోతుంది. మామూలు రోజుల్లో ఎదురుపడితే తలాడించని పెద్దమనుషులు ఆ నెలంతా చేపలమ్మే ఆడవాళ్ళని పేరు పెట్టి పలకరిస్తారు, పిల్లల ఆరోగ్యం అడుగుతారు. మా నాన్నగారు కూడా ఆ రోజుల్లో మార్కెట్‌కి స్వయంగా వెళ్ళేవారు. ఆఫీసరుగారు ఊరి నుంచి వచ్చేశాక ఒక శనివారం పొద్దున్న నేనూ ఆయనతో వెళ్ళాను.

నా స్నేహితురాలి అమ్మ తన అరుగు మీద కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. పక్కన తడి గోనెగుడ్డ కింద ఏదో ఉంది. అది ఏమిటో నాన్నగారికి తెలుసు. అడగడానికి నోరు తెరిచారు. ఇంతలో ఆఫీసు జీపు వచ్చి ఆగింది. ఆఫీసరుగారి భార్య దిగింది. వెనక సంచి పట్టుకుని అటెండరు. నాన్నగారు నోరు మూసుకుని, కాస్త పక్కకి జరిగి, బొమ్మిడాయిల వైపు చూడటం మొదలుపెట్టారు.

ఆవిడది తమిళం. తెలుగు ఇక్కడికి వచ్చాక చేపల మార్కెట్లోనే నేర్చుకుంది. అందుకని ఆవిడకి అంకెలు, చేపల పేర్లు, నాలుగు తిట్లు తప్పులేకుండా వచ్చు. మిగతాది మెల్లగా కూడదీసుకుని మాట్లాడేది.

"పులస ఉందా?" అంది.

"ఉందమ్మగారూ. పొద్దున్నే మా ఆయన వల్లో పడింది."

"ఎంత?"

"రేటు తరవాత మాటాడుకుందారండి. మీ పిల్లలు ఏ ఊళ్ళో చదువుతున్నారమ్మగారూ?"

"మద్రాసులో. మా అక్క ఇంట్లో ఉండి."

"ఆళ్ళకి లెక్కల మేష్టారు ఉన్నాడాండి?"

ఆవిడకి ప్రశ్న అర్థమైంది గానీ, చేపకీ దానికీ సంబంధం అర్థం కాలేదు. "ఉన్నాడు. ఎందుకు లేడు?"

"మా పిల్లకి లేడండి. పదో తరగతి. బడి తెరిచిన కాణ్ణించీ లేడు. ఆటల మేష్టారు చెబుతున్నాడంట లెక్కలు."

"ఆటలు?"

"ఆయ్. ఆటలేనండి."

ఆవిడ అటెండరు వైపు తిరిగింది. అతను మార్కెట్ పైకప్పు రేకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు. "నిజమా?" అంది. అతను చూపు దించకుండానే, "నిజమేనండి. మా బావమరిది కొడుకు కూడా ఆ క్లాసేనండి," అన్నాడు.

"నువ్వు సార్‌కి చెప్పలేదా?"

"నన్ను అడగలేదండి."

నా స్నేహితురాలి అమ్మ గోనెగుడ్డ తీసింది. చేప వెండిలా మెరిసింది. చుట్టుపక్కల నాలుగు అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. నాన్నగారు బొమ్మిడాయిలని వదిలేసి ఇటు తిరిగి, నిట్టూర్చారు.

"నేను ఆయనకి చెప్తాను," అంది ఆఫీసరుగారి భార్య.

"మీరు చెబుతారని తెలుసండి. కానైతే వడ్డించేటప్పుడు చెప్పకండి. పులసకి ముళ్ళెక్కువ, తినేటప్పుడు ధ్యాసంతా ముళ్ళ మీదే ఉంటాది, మీ మాట చెవికెక్కదు. తిని చెయ్యి కడుక్కున్నాక చెప్పండి. అప్పుడు మొగోళ్ళు దేనికీ కాదనరు."

ఆవిడ నవ్వింది. ఆ మాటలకి ఆవిడకి తెలుగు సాయం అక్కర్లేకపోయింది.

చేప కోయించుకుని ఆవిడ జీపెక్కాక నాన్నగారు మెల్లగా దగ్గరకి వచ్చారు. "ఇంకోటి ఉందా అమ్మా?" అన్నారు.

"లేదండి బాబుగారూ. ఉన్నది ఒకటే. అది మీ అమ్మాయి పనిమీదే ఎల్లింది."

ఆ రోజు మేం బొమ్మిడాయిలు తిన్నాం. 

ఆఫీసరుగారు చెయ్యి కడుక్కున్నాక ఏమన్నారో నాకు తెలీదు. ఆ తర్వాతి వారంలోనే, కాగితం ఎక్కడికో వెళ్ళి రావలసిన అవసరం లేకుండా, మాకు లెక్కల టీచరు వచ్చారు. టెంపరరీ పోస్టు. కొత్తగా బి.ఇడి. చేసిన అమ్మాయి, అమలాపురం వైపు నుంచి బస్సులో వంతెన దాటి వచ్చేది. సోమవారం ప్రార్థనలో హెడ్మాష్టారు ఆవిణ్ణి పక్కన నిలబెట్టుకుని, "నా నిరంతర కృషి ఫలితంగా," అని మొదలుపెట్టారు. సాయంత్రం మేత బస్తా మీద తెలుగు మాష్టారు, "ఆ రోజు ఎండలో నేను ఆఫీసు దాకా వెళ్ళబట్టి కదండీ," అన్నారు. అటెండరు తన బావమరిదితో, "నేను కదిపిన ఫైలు," అన్నాడట. చేపలావిడ ఏమీ అనలేదు. ఆమెకి అప్పటికి ఇలసలు, కొరమేనులు, మామూలు బేరాలు మొదలైపోయాయి.

అందరికన్నా సంతోషించింది ఆటల మాష్టారు. సుద్దముక్కల డబ్బా ఆయనే స్వయంగా మోసుకొచ్చి టీచరు చేతిలో పెట్టారు. "పిల్లలు బంగారాలమ్మా. ఎక్కాలు మాత్రం ఎవరూ తప్పు చెప్పరు," అన్నారు. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది. తర్వాత గ్రౌండులోకి వెళ్ళి, కారణం ఏమీ లేకుండానే ఒకసారి గట్టిగా విజిల్ ఊదారు.

టీచరుగారు మమ్మల్ని ఆరో తరగతి భిన్నాల నుంచి మొదలుపెట్టి లాక్కొచ్చారు. ఆవిడకి మా నాన్నలెవరో తెలీదు, ఎవరి చెరువుకి ఎవరు మేత వేస్తారో తెలీదు. మొదటి పరీక్షలో కాంట్రాక్టరు గారి అబ్బాయికి సున్నా వేసి, తోడల్లుడి గారి అమ్మాయిని బెంచీ ఎక్కించారు. బడి చరిత్రలో అలాంటిది ఎవరూ చూడలేదు. ఆవిడ గురించి మాత్రం ఊరికి అన్నీ వారంలో తెలిసిపోయాయి. పెళ్ళి కాలేదు. బస్సులో డ్రైవరు వెనక కిటికీ సీటులో కూర్చుంటుంది. క్యారేజీలో రోజూ పెరుగన్నమే. బస్టాండులో ఇడ్లీలమ్మే ఆవిడ దగ్గర నుంచి హెడ్మాష్టారి భార్య దాకా ఆవిడకి సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. సాయంత్రం బస్సు కోసం బస్టాండులో కూర్చుంటే ఈ సంబంధాలు వినాలి. అది తప్పించుకోవడానికి ఆవిడ బస్సు వేళ దాకా బడిలోనే ఉండి మాకు ప్రైవేటు చెప్పేవారు. మా ఊరి పెళ్ళిళ్ళ పేరమ్మలందరూ తెలియకుండానే మా లెక్కలకి అంత మేలు చేశారు.

నా స్నేహితురాలి అమ్మ ఆవిడకి కృతజ్ఞతగా అప్పుడప్పుడూ చేపలు పంపేది. టీచరుగారిది ఉల్లిపాయ కూడా తినని ఇల్లు. కాదంటే బాధపడుతుందని తీసుకుని, కవరు పట్టుకుని స్టాఫ్ రూములో బిక్కముఖం వేసుకుని కూర్చునేవారు. ఆ కవర్లన్నీ ఆటల మాష్టారి ఇంటికి చేరేవి. ఆ ఏడు కవాతు చేయించేటప్పుడు ఆయన కొంచెం ఆయాసపడేవారు.

రిజల్ట్స్ వచ్చిన రోజు ఇంటర్నెట్ సెంటరు ముందు ఊరంతా ఉంది. అక్కడ ఉన్న కంప్యూటర్లలో పనిచేసేది ఒక్కటే. దాని యజమాని మా నంబర్లు కొట్టి, మా చేతికి కాగితం ఇచ్చే ముందే రోడ్డు దాకా వినబడేలా చదివేశాడు. నాకు ఫస్టు క్లాసు వచ్చింది. లెక్కల్లో నా స్నేహితురాలికి నాకన్నా చాలా ఎక్కువ, మా క్లాసులోనే ఎక్కువ. వాళ్ళ అమ్మ చేతులు చీరకి తుడుచుకుంటూ మార్కెట్ నుంచి పరుగెత్తుకొచ్చింది. యజమాని ఇంకోసారి చదివాడు. ఆమె, "ఇంకోపాలి చదువు బాబూ," అంది. అతను మళ్ళీ చదివాడు. అక్కడున్న వాళ్ళెవరూ తమ నంబరు ముందు చూడమని తొందరపెట్టలేదు. మా తెలుగు మాష్టారు నా చెయ్యి పట్టుకుని, "తెలుగులో ఎంతమ్మా?" అన్నారు. చెప్పాను. "నేను చూసుకున్నాను కదా," అన్నారు.

నా స్నేహితురాలు యానాంలోనే ఇంటరు, డిగ్రీ చదివింది. ఇప్పుడు రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో లెక్కలు చూస్తుంది. మేనేజరు ఏం అడిగినా ఉన్నది ఉన్నట్టు చెబుతుందట. అందుకని ఆయన అడగడం మానేశాడట.

నన్ను మాత్రం కాకినాడలో పెద్ద కాలేజీలో చేర్పించారు. హాస్టల్ ఉంది, లైబ్రరీ ఉంది, లెక్కలకి ఒకరు కాదు నలుగురు లెక్చరర్లు. ఒక్కో సెక్షన్లో మా హైస్కూలంత మంది. రోడ్డు మీద ఎంత దూరం నడిచినా ఎక్కడికని అడిగినవాడు లేడు. మొదటి నెల నాకు రెక్కలొచ్చినట్టే ఉంది. యూనిట్ టెస్టులో లెక్కలు పోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. నాన్నగారికి ఎవరూ ఫోను చెయ్యలేదు. క్లాసు ఎగ్గొట్టి ఒక రోజంతా బీచిలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రానికి అలలు చూసి చూసి విసుగొచ్చి నేనే తిరిగి వచ్చేశాను.

చలికాలంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. నాన్నగారు వచ్చి యానాం తీసుకెళ్ళిపోయారు. మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఇంట్లో మనుషులే. ఆటల మాష్టారు కొబ్బరిబొండాలు తెచ్చి, నాకు బలం రావడానికి ఊపిరి పీల్చి వదిలే వ్యాయామాలు చేయించారు. హెడ్మాష్టారు వచ్చి, త్వరలో తగ్గిపోతుందన్నారు. చర్చి ఆంటీ తలమీద చెయ్యి పెట్టింది. తెలుగు మాష్టారు నా జ్వరం డిగ్రీలు రోజూ సాయంత్రం కొట్టు దగ్గర ప్రకటించేవారు. నాకు పడుకోవడానికి తీరిక దొరకలేదు.

కోలుకుని కాకినాడ వెళ్ళాక, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో చెప్పడానికి లెక్కల లెక్చరర్ గదికి వెళ్ళాను. ఆయన తల ఎత్తి, కళ్ళజోడు సర్దుకుని నన్ను చూశారు. ఎవరో గుర్తుపట్టినట్టు నవ్వారు.

"నిన్న బోర్డు మీద ఆ లెక్క చేసింది నువ్వే కదమ్మా. బాగా చేశావు. అలాగే కష్టపడు."

నిన్న నేను మా ఇంట్లో జావ తాగుతున్నాను. ఆయన అప్పటికే తల దించుకుని పేపర్లు దిద్దుకుంటున్నారు.

"థాంక్యూ సార్," అని వచ్చేశాను.